అదొచ్చింది, నొక్కీసినాను

రిటైరయ్యాక నాకు కొత్త పేరొకటి వచ్చింది. కూర్మన్నపాలెంలో మా అపార్టుమెంటు వాళ్ళు నన్ను ‘యాడ్లు తీసే అంకుల్’ అంటారు. ఫోను తెరిస్తే చాలు తెరనిండా ప్రకటనలు. మీ బ్యాటరీ పాడైపోయిందని ఒకటి, మీకు లాటరీ తగిలిందని ఇంకొకటి. ఒకటి మూస్తే రెండోది లేస్తుంది. విసుగెత్తిపోయి నా దగ్గరికి తెస్తారు. జీవితమంతా కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ల మోత విన్న మనిషికి ఈ విద్య ఎలా వచ్చిందని మీలాంటి కుర్రవాళ్ళు అడుగుతుంటారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చి మరీ నేర్చుకున్న విద్య అది, అందుకే చెప్పలేదు.

మా కంపెనీ పేరు మీకు అనవసరం. హార్బరు వైపు రొయ్యలు, చేపలు గడ్డకట్టించి విదేశాలకు పంపే చోటు అనుకోండి చాలు. మాది కృష్ణా జిల్లా. పాతికేళ్ళు నిండకుండానే విశాఖపట్నం వచ్చి అక్కడ చేరాను, మెయింటెనెన్సు ఇన్‌చార్జిగా దిగిపోయాను. నాకు నోరు పెద్ద, ఓపిక తక్కువ. మెషీను దగ్గర మాత్రం ఓపిక ఉండేది. మనుషుల దగ్గరికొచ్చేసరికి అది ఎటు పోయేదో తెలీదు.

మా పని గురించి ఒక్క సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ప్యానెల్ రూములో గోడంతా చిన్న చిన్న దీపాలుంటాయి. ఏ మెషీనుకు తేడా వచ్చినా దాని దీపం ఎర్రగా కొట్టుకుంటుంది, పైన హూటరు అరుస్తుంది. ఆ అరుపులో బుర్ర పనిచెయ్యదు. అందుకని కింద ఒక నల్ల బటన్ ఉంటుంది. ఒకసారి నొక్కితే మోత ఆగుతుంది, రెండోసారి నొక్కితే దీపం కొట్టుకోవడం మానుతుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ నేను మొదటిరోజు చెప్పే పాఠం ఒకటే: ముందు నొక్కు, తర్వాత చదువు. ఏళ్ళు గడిచేకొద్దీ అది చేతికి పట్టేస్తుంది. మా ఆపరేటర్లు ఇంట్లో కుక్కర్ కూత వేసినా బటన్ కోసం వెతుక్కుంటారని వాళ్ళ ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు.

ఆ ఆపరేటర్లలో ఒకతను పెందుర్తి అవతలి పల్లె నుంచి బండి మీద వచ్చేవాడు. వ్యవసాయం చేసే కుటుంబం, కొంచెం కూరగాయల భూమి ఉండేది. ఐటీఐ చదివి పన్నెండేళ్ళుగా కాంట్రాక్టు కిందే పనిచేస్తున్నాడు. కంప్రెసర్ మీద మునివేళ్ళు ఆనించి వేడి ఎంతుందో చెప్పేవాడు, మీటరు చూస్తే అంతే ఉండేది. నెమ్మదస్తుడు. నేనేం చెప్పినా తల ఊపి, అక్షరాలా అలాగే చేసేవాడు. ఆ ఏడాది కొందరిని పర్మనెంటు చేస్తామని కంపెనీ అంది. జాబితాలో మొదటి పేరు అతనిదే, రాసింది నేనే.

జాబితా ఆఫీసుకు వెళ్ళిన పది రోజులకు, ఓ ఆదివారం మధ్యాహ్నం ఒక కంప్రెసర్ ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నతను కొత్తవాడు, ఎంత తంటాలు పడ్డా అది తిరగలేదు. నాకు ఫోన్ చేశాడు. ఆ రోజు ఇంటి దగ్గరే ఉన్నా పిలిస్తే రావలసిన వంతు మా పెందుర్తి మనిషిది. నేనే అతనికి ఫోన్ చేశాను. రెండుసార్లు మోగి కట్ అయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్. మూడోసారీ అంతే. ఎత్తకపోతే వేరు, కట్ చెయ్యడం వేరు కదా. ఒళ్ళు మండిపోయింది. తిట్టుకుంటూ నేనే బయలుదేరాను.

వెళ్ళి మెషీను తిప్పేసరికి గదిలో చలి బాగా తగ్గిపోయింది. సరుకు మోసే కళాసీలను పిలిపించి రొయ్యల పెట్టెలన్నీ పక్క గదిలోకి మార్పించాం. సరుకు పాడవలేదు. కానీ ఉష్ణోగ్రత గీసే కాగితం మీద ఆ మధ్యాహ్నం ఒక గుట్టలా లేచి కూర్చుంది. కొనేవాళ్ళు ఆ కాగితం చూస్తారు, ఎందుకని అడుగుతారు. కారణం ఒకటి రాసివ్వాలి. కారణమంటే ఆఫీసులో ఒక మనిషి పేరని అర్థం.

సోమవారం పొద్దున్నే అతన్ని నా బల్ల ముందు నిలబెట్టాను. ఆదివారం ఏం చేస్తున్నావని అడిగితే వంగ మళ్ళకు నీరు కడుతున్నానన్నాడు. ఫోన్ సంగతేమిటన్నాను.

“అదొచ్చింది సార్. నొక్కీసినాను.”

“మూడుసార్లా?”

“మూడుసార్లూ నొక్కీసినాను. అస్తమానూ వస్తంటాది సార్, ఇసుగొచ్చీసి నొక్కీసినాను.”

నా ఫోన్ అస్తమానూ వస్తుందట, విసుగొచ్చిందట. అంత ధైర్యంగా మొహం మీద చెప్పేస్తాడా అనుకున్నాను. మా జిల్లాలో నొక్కేశాడంటే డబ్బు కాజేశాడని అర్థం. ఇతను నా పరువు నొక్కేశాడనిపించింది. ఇంకొక్క ప్రశ్న కూడా వెయ్యకుండా పొమ్మన్నాను. ఇంగ్లీషులో రిపోర్టు రాశాను: ఇన్‌చార్జి చేసిన ఫోన్‌ను మూడుసార్లు కట్ చేసినట్టు, విసుగుతోనే చేసినట్టు స్వయంగా ఒప్పుకున్నాడు. అతని మాటలో లేని ‘ఫోన్’ అనే ముక్కను నేనే చేర్చానని అప్పుడు నాకు స్ఫురించనే లేదు.

సాయంత్రానికి పర్మనెంటు జాబితాలో అతని పేరు పక్కన పెన్సిల్‌తో అడ్డగీత పడిందని తెలిసింది. విచారణ పెట్టి తేలుస్తారట. నాకు జాలి వెయ్యలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రిపోర్టుకు ఉష్ణోగ్రత కాగితం జతచెయ్యాలి కాబట్టి అది క్వాలిటీ సెక్షన్‌కి వెళ్ళింది. అక్కడి సూపర్‌వైజరు శ్రీకాకుళం వైపు ఆవిడ, మాటకు మొహమాటపడే రకం కాదు. కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. అతను అన్న మాట అన్నట్టుగా చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పించుకుంది.

“ఫోనొస్తే మేం ‘ఎత్తనేదు’ అంటాం, నేపోతే ‘కట్ సేసీసినాను’ అంటాం. ‘నొక్కీసినాను’ అని మన ఆపరేటర్లు ఒక్క అలారానికే అంటారు సార్. అదొచ్చింది అన్నాడు కదా. అదంటే ఏటో అడిగినారా?”

అడగలేదు. ఇన్నేళ్ళుగా ఇక్కడి మాట నాకు పూర్తిగా వచ్చేసిందని అనుకుంటున్నాను. నాకు వచ్చింది మాటలే కాబోలు, వాళ్ళు వాటిని ఎక్కడ వాడతారో రాలేదు.

ఆ ‘అది’ ఏమిటో కళ్ళారా చూద్దామని మర్నాడు టీ వేళ అతన్ని ప్యానెల్ రూముకు పిలిచి ఫోను బల్ల మీద పెట్టమన్నాను. నా ఫోను నుంచి మోగించాను. మామూలుగా మోగింది, నా పేరు కనిపించింది. రెండోసారీ అంతే. నిజం చెప్పొద్దూ, లోపల కొంచెం సంతోషించాను, నా రిపోర్టు నిలబడింది కదా అని. మూడోసారి మోగించగానే ఏదో పాట పెద్దగా మొదలై, నా పేరు మీద తెరనిండా ఎర్రటి ప్రకటన పరుచుకుంది. మీ ఫోనుకు వైరస్ పట్టింది, వెంటనే శుభ్రం చెయ్యండి అని. అసలు రింగు ఆ పాటలో కలిసిపోయింది. ప్రకటన మూసే చిన్న గుర్తు కింద ఎడమ పక్కన ఉంది. అతని బొటనవేలు దానంతట అదే వెళ్ళి టకటకా రెండుసార్లు నొక్కింది. మొదటి నొక్కుకు ప్రకటన పోయింది. దాని కింద సరిగ్గా అక్కడే కాల్ కట్ చేసే ఎర్ర బటన్ ఉంది. రెండో నొక్కు దాని మీద పడింది. నా చేతిలో ఫోను కట్ అయింది.

రెండుసార్లు ఎందుకు నొక్కావని అడగబోయి ఆగిపోయాను. ఆ పాఠం చెప్పింది నేనే. మనం కట్ చేసిన కాల్‌కి మిస్డ్ కాల్ గుర్తు కూడా రాదు. ఆ ఆదివారం నేను ఫోన్ చేసినట్టే అతనికి తెలీదు. సోమవారం నా బల్ల ముందు నిలబడి, ఈ ప్రకటనల గురించి అడుగుతున్నాననుకుని ఉన్నదున్నట్టు జవాబు చెప్పాడు పాపం.

ఇక ఆ ప్రకటన ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలి. ఇక్కడ మీకు పనికొచ్చే ముక్క చెబుతాను. ప్రకటన వచ్చినప్పుడు దాన్ని మూసే తొందర మానేసి, ఇటీవల తెరిచిన యాప్‌లు చూపించే బటన్ నొక్కండి. ఏ యాప్ అప్పుడే లేచిందో అక్కడ తెలుస్తుంది. మాకు ఆ చోట ఏ పేరూ లేని తెల్లటి బొమ్మ కనిపించింది. ఫోను ఆపి సేఫ్ మోడ్‌లో తెరిచాం. అందులో మనం వేసుకున్న యాప్‌లు నిద్రపోతాయి, ఫోనుతో వచ్చినవే పనిచేస్తాయి. గంటసేపు ఒక్క ప్రకటన రాలేదు. అంటే ఫోను మంచిదే, బయటనుంచి వేసినదేదో దొంగ. చివరికి సెట్టింగ్స్‌లో, మిగతా యాప్‌ల మీద తెర పరిచే అనుమతి వేటికి ఇచ్చామో చూపించే జాబితా తెరిచాను. నాలుగే ఉన్నాయి. మూడు అందరి ఫోన్లలో ఉండేవే. నాలుగోదానికి పేరు లేదు, థర్మామీటరు బొమ్మ ఉంది.

ఇదేమిటని అడిగాను. అతను బల్ల వైపు చూస్తూ అన్నాడు.

“మీరు పంపినదే సార్.”

ఒక్కసారిగా గుర్తొచ్చింది. విదేశీ కొనుగోలుదారులకు ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లో కావాలి, మేం సెల్సియస్‌లో రాస్తాం. అప్పటికి రెండేళ్ళ కిందట ఒక పాత స్నేహితుడు ఇది మార్చిపెట్టే యాప్ అంటూ ఏదో ఫైలు పంపాడు. ప్లే స్టోర్‌లోది కాదు, చేతులు మారి వచ్చింది. నేను తెరిచైనా చూడకుండా మా షిఫ్టుల వాట్సాప్ గ్రూపులో పడేసి, అందరూ తప్పనిసరిగా వేసుకోవాలని హుకుం జారీ చేశాను. నేను మాత్రం వేసుకోలేదు. నాకు ఆ లెక్కంతా కంఠతా వచ్చుననే గర్వం.

మిగతా ఆపరేటర్లను పిలిచి ఎవరెవరి ఫోన్లో ఉందో చూపించమన్నాను. ఒక్కరి దగ్గరా లేదు. నేను చూడకుండా అందరూ వారంలోపే తీసేశారు. వాళ్ళలో ఒకడు ఇతని భుజం మీద చెయ్యేసి, “ఎప్పుడో తీసి పారేసినాం బావా, నువ్వింకా ఉంచుకున్నావేటి” అని నవ్వాడు. మద్దిలపాలెంలో ఫోన్లు బాగుచేసే షాపువాడు కూడా దీన్ని తీసెయ్యమన్నాడట. ఇది మా సార్ పంపినది, డ్యూటీది, దీన్ని ముట్టుకోవద్దని ఇతనే ఆపాడట. నా మాట విన్న ఒక్కడికే శిక్ష పడింది.

అప్పుడే ఆఫీసుకెళ్ళి ఈ సంగతంతా చెప్పేసి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. నేను రెండో రిపోర్టు రాశాను. బాగా రాశాను. ఫోన్ కట్ అయింది అతని ఉద్దేశంతో కాదని, ఒక హానికరమైన యాప్ కారణమని, పరీక్ష ఎలా చేశానో, ఏ జాబితాలో దొరికిందో, అన్నీ వరుసగా రాశాను. ఎవరు పంపితే వేసుకున్నాడన్నది మాత్రం రాయలేదు. నా రిటైర్మెంటు దగ్గరపడింది, ఆ నెలలోనే నా ఎక్స్‌టెన్షన్ కాగితం మేనేజరు బల్ల మీద ఉంది, ఇంకో ఏడాది పనిచెయ్యాలని నా ఆశ. అతను తప్పు చెయ్యలేదని రాశాను కదా, నా పేరు లేకపోతే అతనికి వచ్చే నష్టమేమిటని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

విచారణ రోజున మేనేజరు గదిలో నలుగురం కూర్చున్నాం. మేనేజరు, పర్సనెల్ విభాగం ఆయన, నేను, అతను. అందిందని సంతకం పెట్టడానికి రిపోర్టు ప్రతి ఒకటి అతని చేతికిచ్చారు. అతను వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు, చదివి మడత పెట్టుకున్నాడు. మేనేజరు పరవాలేదన్నట్టు తల ఊపాడు. పర్సనెల్ ఆయనకు మాత్రం ఒక సందేహం మిగిలింది. డ్యూటీకి వాడే ఫోన్లో ఇలాంటి ఊరూ పేరూ లేనివి వేసుకోమని ఎవరు చెప్పారని అడిగాడు.

నేను బల్ల మీది నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. అతను నా పేరు చెబుతాడని భయం. చెబితే బాగుండునని కూడా ఏదో మూల ఉంది, నేను నోరు తెరవక్కర్లేకుండా పోతుంది కదా.

“ఎవులూ సెప్పనేదు సార్. నానే ఏసుకున్నాను.”

పర్సనెల్ ఆయన పెన్ను తీసి సొంత నిర్లక్ష్యం అని రాయడం మొదలుపెట్టాడు. అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు, నా వైపు చూడలేదు. పన్నెండేళ్ళ ఎదురుచూపు ఆ గీతలో పోతోంది. ఒక వాక్యం పూర్తయి రెండోది మొదలయ్యేదాకా నేను మాట్లాడలేదు. అంతసేపు పట్టింది నాకు.

“ఆగండి,” అన్నాను. “నేను పంపాను. తప్పనిసరిగా వేసుకోమన్నది నేనే.”

ఫోన్ తీసి గ్రూపులో పాత మెసేజ్ వెతికి చూపించాను. మేనేజరు అది చదివి, రిపోర్టు చూసి, మళ్ళీ నన్ను చూసి, ఇందులో ఈ ముక్క లేదేమిటని మాత్రం అడిగాడు. రాయలేదండీ అన్నాను. మొదటి రిపోర్టు వెనక్కి తీసుకుని, మూడోది అక్కడే కూర్చుని రాశాను. అందులో ‘నొక్కీసినాను’ అనే మాట అతను అన్నది అన్నట్టు తెలుగులోనే రాసి, దాని అర్థమేమిటో కింద ఇంగ్లీషులో పెట్టాను.

అతనికి పర్మనెంటు అయింది. నా ఎక్స్‌టెన్షన్ చూద్దామన్నారు, చూడలేదు. నన్ను త్యాగమూర్తిని చెయ్యకండి, నా మోకాళ్ళ నొప్పులు చూసినా ఇచ్చేవారు కాదేమో. మూడోది రాశానన్న తృప్తి కంటే రెండోది రాశానన్న గుచ్చుకోడమే ఎక్కువగా మిగిలింది. మీరంతా ఏదో ఒకనాడు ఇంకొకరి గురించి రిపోర్టు రాసే కుర్చీలో కూర్చుంటారు. అబద్ధం ఒక్క ముక్క లేకుండా కూడా మనిషిని ముంచెయ్యవచ్చని తెలిసినవాడిగా చెబుతున్నాను.

ఆ రోజు గదిలోంచి బయటికొచ్చాక ఇద్దరం బళ్ళు పెట్టే షెడ్డు దాకా నడిచాం. అతను సంతోషంగా లేడు, నా మీద కోపంగా ఉన్నాడు. నా ఎక్స్‌టెన్షన్ ఏమవుతుందోనని అతని బాధ. అందరికీ తెలిసిన నిజాన్ని ఎందుకు దాచావయ్యా, నీ పొట్ట మీద నువ్వే కొట్టుకుంటావా అని నేనే ఎదురు గద్దించాను. పాత అలవాటు.

అతను జేబులోంచి ఆ రిపోర్టు ప్రతి తీసి విప్పాడు.

“నాకు ఇంగ్లీసు అంత రాదు గానీ సార్, మీ పేరు ఎక్కడున్నా గుర్తుపడతాను. పైనుంచి కిందదాకా రెండుసార్లు ఎతికినాను. సంతకం కాడ తప్ప ఇంకెక్కడా నేదు.” కాగితాన్ని మళ్ళీ మడతల మీదే మడిచాడు. “మీకు ఇష్టం నేదేమో అనుకున్నాను.”